ఆలస్యం ఎముకల్లో చేరుతోంది

నెల్లూరు అంటే బయటివాళ్లకు పెన్నా డెల్టానే గుర్తొస్తుంది. మొలగొలుకుల బియ్యం, రొయ్యల చెరువులు, చేపల పులుసు. అదే జిల్లాలో పడమటి దిక్కున ఇంకో నెల్లూరు ఉంది. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు, అనుమసముద్రంపేట. వెలుగొండల నీడలో ఎండిపోయిన మెట్ట. కరువొస్తేనో, ఎన్నికలొస్తేనో తప్ప ఈ నెల్లూరు పేరు పత్రికల్లో కనపడదు. ఈ మెట్టలో చాలా ఊళ్ల బోర్లలో ఊరేది మంచినీళ్లు కావు, ఫ్లోరైడ్ కలిసిన నీళ్లు. ఈ సంగతి ప్రభుత్వానికి నిన్నో మొన్నో తెలిసింది కాదు. తెల్లదొరల కాలంలోనే తెలుసు.

1937లో ఇండియన్ మెడికల్ గెజిట్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం అచ్చయింది. రాసినవాళ్లు షార్ట్, పండిట్, రాఘవాచారి. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ తరఫున నీళ్లు, రోగులు రెంటినీ పరీక్షించి రాశారు. నడుము వంగిపోయి, మెడ తిప్పలేక, కాళ్లు చేతులు కొయ్యబారిపోయిన మనుషుల గురించి, వాళ్లు తాగే నీళ్ల గురించి రాసిన వ్యాసం అది. దాని పేరులోనే నెల్లూరు జిల్లా ఉంది. ఎముకల ఫ్లోరోసిస్ అనే రోగం మన దేశంలో ఉందని వైద్య ప్రపంచానికి తెలిసింది నెల్లూరు పేరు మీదుగానే. అప్పుడు చూసిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతం 1970లో కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలోకి వెళ్లిపోయింది. జిల్లా గీత మారింది గానీ భూమి కింద రాయి మారలేదు. పామూరు దాటితే వరికుంటపాడే కదా! మనుషుల కంటే ముందు ఎద్దులకు ఈ రోగం కనపడిందని, కాడి కట్టిన ఎద్దులు కీళ్లు పట్టేసి అడుగు వేయలేకపోతే రైతులే మొదట గమనించారని చెబుతారు. తన ఎద్దు కుంటితే రైతు ఆ రోజే చూస్తాడు. తన రైతు కుంటితే చూసే సర్కారు కోసం మనం ఇంకా వెతుక్కుంటున్నాం.

ఈ విషం తీరు వేరు. పురుగుమందు తాగితే గంటల్లో తెలుస్తుంది. కలుషిత నీళ్లు తాగి వాంతులు, విరేచనాలు పడితే ఊరంతా గగ్గోలు, మంత్రిగారి పరామర్శ, టీవీలో స్క్రోలింగ్. ఫ్లోరైడ్ అలా చేయదు. దానికి రంగు లేదు, వాసన లేదు. "ఏంది నాయనా, నీళ్లు శుభ్రంగానే ఉండాయి గదా" అని బోరు కాడ బిందె నింపుకునే అవ్వ అంటే ఆమెది తప్పు కాదు. నిజంగానే శుభ్రంగా కనపడతాయి. రోజూ కొంచెం కొంచెం ఒంట్లోకి పోయి, ఎముకల్లో కూర్చుని, పదేళ్లకో ఇరవై ఏళ్లకో లేస్తుంది. ఆనాటికి ఆ నీళ్లు పోసిన పథకం పేరు మారి ఉంటుంది. శిలాఫలకం మీద పేరున్న నాయకుడు పార్టీ మారి ఉంటాడు. అడగడానికి ఎవరూ ఉండరు.

అసలీ విషం ఎక్కడ నుంచి వస్తోంది? ఫ్యాక్టరీ నుంచి కాదు, రాతి నుంచి. నెల్లూరు అభ్రకానికి పేరున్న జిల్లా. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి దాకా అభ్రకం పట్టీ ఉంది. అభ్రకంలోనూ, గ్రానైట్ జాతి రాళ్లలోని ఇంకొన్ని ఖనిజాల్లోనూ ఫ్లోరిన్ ఉంటుంది. నీరు రాయిని ఎంతకాలం ఒరుసుకుని ఉంటే అంత కరిగించుకుంటుంది. సున్నపు పాలు తక్కువగా, చౌడు గుణం ఎక్కువగా ఉన్న నీళ్లయితే ఇంకా ఎక్కువ. మన తాతలు చెరువు నీళ్లు, చేదబావి నీళ్లు తాగారు. అవి వానతో నిండేవి, వాననీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. తర్వాత చెరువులు పూడిపోయాయి, బావులు ఎండిపోయాయి, బోర్లు వచ్చాయి. వానలు తగ్గిన కొద్దీ బోరు లోతుకు పోయింది. లోతుకు పోయిన కొద్దీ పాత నీరు, రాతి మధ్య ఏళ్ల తరబడి నిలిచిన నీరు పైకొచ్చింది. చెరువుల్ని పట్టించుకోని పాలనకూ, ఆడపిల్ల గారపళ్లకూ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే ఇదీ సంబంధం.

ఇక ఒంటి లెక్క చూద్దాం. అధికారులు లీటరు లెక్క చెబుతారు. భారత ప్రమాణాల సంస్థ ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా సహించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అంకె కూడా 1.5 మిల్లీగ్రాములే. అయితే అలాంటి అంకెల వెనక మనిషి రోజుకు రెండు లీటర్ల నీళ్లు తాగుతాడన్న లెక్క ఉంటుంది. ఏసీ గదిలో కూర్చున్న మనిషికి ఆ లెక్క సరిపోవచ్చు. మే నెలలో ఉదయగిరి ఎండలో కూలి పని చేసే మనిషి రెండు లీటర్లతో బతుకుతుందా? నాలుగు లీటర్లు తాగుతుంది, ఇంకా ఎక్కువే తాగుతుంది. ఎండ దేశాల్లో జనం ఎక్కువ నీళ్లు తాగుతారు గనక పరిమితి తక్కువ పెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

అదే సంస్థ 2002లో ఇంకో మాట చెప్పింది. తిండి, నీళ్లు అన్నీ కలిపి రోజుకు 14 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతే ఎముకలకు కీడు ఖాయమని, 6 దాటితేనే అనుమానించాలని. ఇప్పుడు గుణించి చూడండి. "పరిమితి లోపలే ఉంది" అని సర్టిఫికెట్ ఇచ్చిన 1.5 నీళ్లు నాలుగు లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు. అనుమానపు గీత దగ్గరికి వచ్చేశాం, ఇంకా అన్నం వండలేదు, టీ తాగలేదు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరైతే 12. తాగిన ఫ్లోరైడ్‌లో పదింట తొమ్మిది వంతులు రక్తంలోకి పోతుంది. పెద్దవాళ్లలో అందులో సగం దాకా మూత్రంలో పోయి, మిగతా సగం ఎముకలో ఉండిపోతుంది. అంటే ఆ 12లో రోజుకు సుమారు 5 మిల్లీగ్రాములు నిల్వ. ఏడాదికి 1.8 గ్రాములు. ఇరవై ఏళ్లకు 36 గ్రాములు. ఎముక తాను దాచుకున్న దాంట్లో కొంత తిరిగి వదులుతుంది గనక అసలు నిల్వ దీనికంటే తక్కువే ఉంటుంది, ఒప్పుకుందాం. సగానికి కోసినా 18 గ్రాములు. బంగారమైతే రెండు తులాలకు కాస్త తక్కువ. మన ఆడబిడ్డల ఒంటి మీద లేని బంగారం బరువంత విషం ఒంటి లోపల ఉంది.

పిల్లల లెక్క ఇంకా దారుణం. పెరిగే ఎముక స్పాంజి లాంటిది. పెద్దవాళ్ల ఎముక సగం పట్టుకుంటే పిల్లల ఎముక ఎనభై శాతం దాకా పట్టుకుంటుంది. పళ్ల గార కూడా చిన్నప్పుడే రాసిపెట్టి ఉంటుంది. చిగురు కింద పన్ను తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లే ఆ పసుపు, గోధుమ చారలు. ఆ తర్వాత గంగాజలం తాగించినా ఆ చార పోదు. నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్లల్ని మన బడుల్లో చూస్తూనే ఉన్నాం. పెళ్లిచూపుల్లో ఆ పళ్ల మీద జరిగే బేరాలు మనకు తెలియనివి కావు. "పేస్టు మార్చు" అని సలహా ఇచ్చే పట్నం బంధువులకు ఎవరు చెప్పాలి, అది బ్రష్షుతో పోయేది కాదని?

నడి వయసుకు వచ్చేసరికి నడుము పట్టేస్తుంది, మోకాళ్లు లాగుతాయి, మెడ తిరగదు. అందరూ వాతం అంటారు, వయసంటారు. ఊళ్లో డాక్టరు సూది వేస్తాడు, నొప్పి బిళ్లలు ఇస్తాడు. రెండు రోజులు తేలిక. మళ్లీ బిళ్లలు. అసలు మోసం ఇక్కడే ఉంది. ఒంట్లోకి వచ్చిన ఫ్లోరైడ్‌ను బయటికి తోసేది మూత్రపిండాలు. నొప్పి బిళ్లలు ఏళ్ల తరబడి మింగితే దెబ్బతినేవీ మూత్రపిండాలే. అవి దెబ్బతిన్న కొద్దీ ఫ్లోరైడ్ బయటికి పోవడం తగ్గుతుంది, ఎముకలో నిల్వ పెరుగుతుంది, నొప్పి పెరుగుతుంది, బిళ్లలు పెరుగుతాయి. కూలి డబ్బుతో కొనుక్కున్న మందే విషానికి తలుపు మూసి గొళ్లెం పెడుతోంది. ముంజేతికి ఒక ఎక్స్‌రే తీస్తే, రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి సున్నం కట్టడం చాలామందిలో కనపడుతుంది. అది చూసిన డాక్టరు వాతం అనడు. ఇంకా ముదిరితే వెన్నెముకలో పెరిగిన ఎముక నరాల తాడును నొక్కి కాళ్లు పడిపోతాయి. అంతదాకా వచ్చాక దాన్ని వెనక్కి తిప్పే మందు ఏ దేశంలోనూ లేదు. మంచినీళ్లకు మారితే ఎముక తన నిల్వను చాలా నిదానంగా, ఏళ్లకేళ్లు తీసుకుని కొంత వదులుతుంది. అంతే.

సర్కారు సాయం మాత్రం అప్పటిదాకా ఆగమంటుంది. వికలాంగుల సర్టిఫికెట్ పనికి రావాలంటే 40 శాతం వైకల్యం ఉండాలి. పదిహేనేళ్లు రాత్రిళ్లు నిద్ర లేకుండా చేసిన నొప్పికి శాతం లేదు. కాలు వంకరపోతేనే శాతం.

మన జొన్న సంగటి మీద కూడా ఒక నింద ఉంది. అదీ మాట్లాడుకుందాం. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ డాక్టర్లు ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో పిల్లల మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంగిపోతున్నాయని లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ దశాబ్దంలోనే జొన్న తినేవాళ్ల ఒంట్లో వరి తినేవాళ్ల కంటే ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తోందని అదే సంస్థ నుంచి పరిశోధన వచ్చింది. దాన్ని పట్టుకుని జొన్న తినడం తప్పు అనేవాళ్లు ఉన్నారు. తప్పు జొన్నది కాదు, దాన్ని ఉడికించిన నీళ్లది. అదే సంస్థ 2002లో చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని కూడా చూపింది. పాలు, ఆకుకూరలు, ఉసిరి, సున్నపు సత్తువ ఉన్న తిండి ఏదైనా కొంత కాపాడుతుంది. మంచిదే, తినండి. కానీ చింతపండు పులుసు తాగించి బోరు నీళ్ల పాపం కడుక్కోవాలని ఏ ప్రభుత్వమైనా చూస్తే ఒప్పుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. నీళ్లు లేవా? ఉన్నాయి. ఆత్మకూరు పక్కన అనంతసాగరం మండలంలోనే సోమశిల ఉంది, 78 టీఎంసీల జలాశయం. పెన్నా నీళ్లే కాదు, శ్రీశైలం నుంచి తెలుగుగంగ మీదుగా కృష్ణా నీళ్లు కూడా దాంట్లోకి వస్తాయి. అక్కడ నుంచి కండలేరు, కండలేరు నుంచి నూటయాభై కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వి చెన్నైకి తాగునీరు ఇచ్చారు. 1983లో ఒప్పందం, 1996కి తమిళనాడు గడప తొక్కిన నీళ్లు. చెన్నై జనం దాహం తీరితే మనకు కడుపుమంట లేదు. నీళ్లు ఎవరికైనా నీళ్లే. పదమూడేళ్లలో అంత దూరం పోయిన నీళ్లకు, పక్కనే ఉన్న మర్రిపాడు, ఆ పైన ఉదయగిరి ఎందుకు దూరమయ్యాయన్నదే మన ప్రశ్న. సోమశిల హైలెవెల్ కాలువ మాట ఏళ్లుగా వింటున్నాం, టెండర్ల మాటా వింటున్నాం. 1978, 1983 ఎన్నికల్లో ఈ ఉదయగిరి నుంచే గెలిచిన వెంకయ్యనాయుడు ఉపరాష్ట్రపతి దాకా ఎక్కారు. నీళ్లు మాత్రం ఉదయగిరి ఎక్కలేకపోయాయి!

వెలిగొండ సంగతి మరీ చిత్రం. ప్రకాశం, కడప మెట్టలతో పాటు ఉదయగిరి ప్రాంతానికీ కృష్ణా నీళ్లిస్తామని చెప్పిన ప్రాజెక్టు అది. 1996లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2004లో ఇంకో ముఖ్యమంత్రి మళ్లీ చేశారు, 2024 మార్చిలో మూడో ముఖ్యమంత్రి రెండు సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆనాటికి నిర్వాసితుల పునరావాసమే పూర్తి కాలేదు, ఉదయగిరి దాకా చుక్క నీరు రాలేదు. మొదటి రాయి వేసిన నాడు పుట్టిన బిడ్డకు రెండో రాయి నాటికి ఎనిమిదేళ్లు. అంటే పళ్ల గార ఖరారైపోయింది. అంకితం నాటికి ఇరవై ఎనిమిదేళ్లు. పైన వేసిన గుణకారం మళ్లీ ఒకసారి చూసుకోండి. మామూలు ప్రాజెక్టు ఆలస్యమైతే పంట పోతుంది, వచ్చే ఏడు వేసుకోవచ్చు. తాగునీటి కాలువ ఆలస్యమైతే ఆ ఏళ్లన్నీ మనిషి ఎముకల్లో నిల్వ చేరతాయి. అంచనా వ్యయం పెరిగిందని ఇంజనీర్లు కాగితాలు రాస్తారు. మన ఒంట్లో పెరిగిన దాన్ని ఏ కాగితంలో రాశారు?

చేయలేకపోవడం కాదిది, చేయకపోవడం. అనంతపురం జిల్లాలో 1990ల మధ్యలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు కొద్ది కాలంలోనే 700కు పైగా ఊళ్లకు మంచినీళ్లు ఇచ్చి చూపించింది. ఒక ట్రస్టు చేయగలిగింది సర్కారుకు ఎందుకు కాలేదు? నల్గొండ జనం 1996 లోక్‌సభ ఎన్నికలో జలసాధన సమితి పిలుపుతో నామినేషన్లు వేసి బరిలో 480 మంది నిలిచి, బ్యాలెట్టును పుస్తకంగా మార్చి, దేశమంతా తమ వంకర కాళ్ల వైపు చూసేలా చేశారు. తెలంగాణ ఉద్యమంలో ఫ్లోరైడ్ మాట పదునెక్కింది అక్కడే. రాష్ట్రం వచ్చాక 2016లో మిషన్ భగీరథ మొదలైంది. 2015లో 967గా ఉన్న ఫ్లోరైడ్ ఆవాసాలు సున్నాకు వచ్చాయని 2020లో కేంద్రం లెక్క చెప్పింది. ఆ సున్నా నీళ్లది, ఎముకలది కాదు. వంగినవాళ్లు వంగే ఉన్నారు. అయినా పుట్టబోయే బిడ్డకు లెక్క సున్నా నుంచి మొదలవడం చిన్న సంగతి కాదు. మన ఉద్దానమే చూడండి. అక్కడ మూత్రపిండాల రోగానికి కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు తేల్చలేకపోయారు. అయినా 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి తాగునీరు, పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభించారు. ఉద్దానానికి అది రావాల్సిందే. కారణం తేలని చోటికి నది నీళ్లు పోయాయి. కారణం 1937లోనే తేలిన చోటికి?

మనకు ఇచ్చినవి క్యాన్లు. 2014లో రెండు రూపాయలకు 20 లీటర్ల సుజల స్రవంతి అన్నారు, ఆ తర్వాత ఊరూరా ప్రైవేటు ఆర్వో ప్లాంట్లు లేచాయి. తాగడానికి క్యాను కొంటాం, అన్నం మాత్రం బోరు నీళ్లతోనే వండుతాం. సంగటి గిన్నెలో ఇంకిన నీళ్లు ఒంట్లోకి పోవా? ప్లాంటు వదిలేసిన విషపు నీళ్లు పక్క గుంటలో ఇంకి మళ్లీ అదే భూమిలోకి పోతాయి. 2019లో జలజీవన్ మిషన్ వచ్చి ఇంటింటికీ కుళాయి అంది. కుళాయి లెక్కపెట్టడం తేలిక. పైపు అటు చివర అదే పాత బోరుకు తగిలిస్తే, బిందెతో మోసుకునే విషం గుమ్మంలోకి వచ్చిందంతే. ఇంకో మాట, అక్కలూ అమ్మలూ జాగ్రత్తగా వినాలి. నీళ్లు కాచి తాగమని ఆరోగ్య కార్యకర్త చెప్పేది క్రిముల కోసం. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గి, మిగిలిన నీళ్లలో అది చిక్కబడుతుంది.

2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు దేశంలో మొదటి ఏడాది ఎంచుకున్న కొద్ది జిల్లాల్లో నెల్లూరు ఒకటి. నీళ్లలోనూ, మూత్రంలోనూ ఫ్లోరైడ్ కొలిచే మీటరు, దానికో టెక్నీషియను, పిల్లల సర్వే, అన్నీ ఆ కార్యక్రమంలో రాసి ఉన్నాయి. కాబట్టి మనం కొత్తగా వరాలు అడగనక్కర్లేదు. బోరు పరీక్ష ఒక్కటే కాదు, మనిషి పరీక్ష కావాలి. ఉదయగిరి, ఆత్మకూరు ఆసుపత్రుల్లో ఒళ్లు నొప్పులతో వచ్చిన ప్రతి మెట్ట మనిషికీ బిళ్ల రాసే ముందు మూత్రం, ముంజేతి ఎక్స్‌రే చూడాలి. కాలువ వచ్చేదాకా, ఉన్న కొద్దిపాటి మంచినీళ్లు ముందు గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పోవాలి, తాగడానికే కాదు వంటకు కూడా. అది అంగన్‌వాడీతోనే మొదలు కావచ్చు. పూడిన చెరువు తవ్వడానికి ఏ ట్రిబ్యునల్ అనుమతీ అక్కర్లేదు.

ఈ వారం చేయగలిగిన పని ఒకటుంది. మీ ఊరి బడికి వెళ్లండి. మధ్యాహ్న భోజనం ఏ బోరు నీళ్లతో వండుతున్నారో అడగండి. ఆ బోరు నీళ్ల పరీక్ష ఎప్పుడు జరిగింది, ఫ్లోరైడ్ ఎంత వచ్చింది, ఆ కాగితం ఎక్కడుందో అడగండి. కాగితం ఉంటే వంటగది గోడకు అంటించమనండి. లేదంటే ఆ లేదనే మాటే హెడ్‌మాస్టరు సంతకంతో రాయించుకుని మాకు పంపండి. వరికుంటపాడు నుంచి మర్రిపాడు దాకా ఊరు పేరుతో వరసగా అచ్చు వేస్తాం.